ఆవిరి ఎవరిది?

అరవైల చివర. బెల్లంపల్లి. గూడ్సు బండి ఆగి ఉంది. ఇంజను డ్రైవరు వంగి మా అన్నను రెండు చేతులా పట్టి పైకి లాక్కున్నాడు. అన్నకు తొమ్మిదేళ్ళు, నాకు ఏడు. కింద మా అమ్మమ్మ, ఆమెతోబాటు ఇంకో పదిమంది ఆడవాళ్ళు, ఇంజను దులిపిన బూడిద కుప్పల్లో సగం కాలిన బొగ్గు పెళ్ళలు ఏరుతున్నారు. గోనెసంచి మూతి తెరిచి పట్టుకోవడం నా పని. పైన అన్న ఈల తాడు లాగాడు. ఆ చప్పుడుకు నా ఒళ్ళు జలదరించింది. సంచి వదిలేసి నేనూ చేతులు చాపాను. ఆయన నవ్వి, "నీకెందుకు బిడ్డా, ఆడిపిల్లవు. మసయితది" అన్నాడు.

అప్పటికే నేను నెత్తి నుంచి కాళ్ళదాకా మసిలోనే ఉన్నాను. మా అమ్మమ్మ జీవితమంతా మసిలోనే ఉంది. ఆ మాట అన్న మనిషి చెడ్డవాడేం కాదు. ప్రేమగానే అన్నాడు. మనల్ని ఆపిన మాటల్లో చాలావరకు ప్రేమగా అన్నవే కదా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఒక రచయిత్రుల సమావేశంలో భోజనాల దగ్గర "రిటైరయ్యాక ఏం చేస్తున్నారు?" అని అడిగితే నిజం చెప్పాను. "ఆవిరి ఇంజను నడుపుతున్నాను" అన్నాను. నవ్వారు. జోక్ కాదని తెలిశాక ఇబ్బంది పడ్డారు. ఒకరు, "ఈ వయసులో బొమ్మలాటేంటి మేడం, ఏదైనా రాయొచ్చు కదా" అన్నారు. ఇంకొకరు, "ఉన్నవాళ్ళ సరదాలు" అని పక్కకు తిరిగారు. ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ అన్నప్పుడు పట్టని కోపం ఆరోజు పట్టింది. దాన్నే ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా దగ్గరున్నదేంటో చెప్పాలి. పదవీ విరమణ చేసిన ఏడాది, ఇంగ్లండు నుంచి వస్తున్న ఒక బంధువు ద్వారా వాడిన ఇంజనొకటి తెప్పించుకున్నాను. దాదాపు రెండు తులాల బంగారమంత ఖర్చయింది. "కూతురికి గొలుసు చేయించొచ్చు కదా" అన్నవాళ్ళున్నారు. మా అమ్మాయి మాత్రం అనలేదు. కరీంనగర్‌లో మా పెరట్లో జామచెట్టు చుట్టూ ఇటుకల కట్ట కట్టించి, దానిమీద 45 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలు పరిచాను. చుట్టుకొలత అరవై అడుగులు. కంకరకు కొదవేముంది, గ్రానైటుకు పేరుపడ్డ జిల్లా మాది. క్వారీవాళ్ళు పారేసే ముక్కలే సన్నగా కొట్టించి పోశాను.

ఇది బ్యాటరీతో తిరిగే రైలు కాదు. పేరుకు బొమ్మే గానీ పెద్ద ఇంజనులో జరిగేదే దీనిలోనూ జరుగుతుంది. వెండి టంకంతో అతికిన రాగి బాయిలరు, దానికింద మంట, మంటకు నీళ్ళు, నీళ్ళకు ఆవిరి, ఆవిరికి పిస్టన్. బోరు నీళ్ళు పోస్తే గీజరు కాయిల్‌కు పట్టినట్టే లోపల సుద్ద పడుతుంది. అందుకని వానాకాలంలో డాబా మీద పడే నీళ్ళు పట్టి, వడగట్టి, సీసాల్లో దాచుకుంటాను. ముందు నూనె. చిన్న నూనె గిన్నెలోకి ఆవిరి కొద్దికొద్దిగా వచ్చి చల్లబడి నీరవుతుంది. నీరు బరువు కనక అడుక్కు పోతుంది, నూనె పైకి తేలి ఆవిరి గొట్టంలోకి ఎక్కి సిలిండర్లను తడుపుతుంది. చారు మీద తాలింపు తేలడం చూసిన ఏ ఆడమనిషికీ ఇది వివరించక్కర్లేదు. తర్వాత నీళ్ళు, ఆ తర్వాత లైటర్లలో నింపే గ్యాసు. పొగగొట్టం మీద అగ్గిపుల్ల పెడితే మంట టప్పుమని లోపలికి దిగి అంటుకుంటుంది.

ఆరేడు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ముల్లు కదులుతుంది. నలభై పౌండ్లకు చేరగానే సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంది. అప్పుడైనా ఇంజను వెంటనే కదలదు. చల్లటి సిలిండర్లో చేరిన ఆవిరి నీరైపోతుంది. నీటిని ఏ పిస్టనూ నొక్కలేదు. చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ తోస్తే ఆ వేడి నీళ్ళన్నీ పొగగొట్టంలోంచి చిమ్ముతాయి, మొహం దూరంగా పెట్టుకోవాలి. నాలుగైదుసార్లు తోశాక చేతికింద అది తనంతట తాను లాగడం తెలుస్తుంది. ఆ క్షణం కోసమే ఇదంతా. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట తిరుగుతుంది. నీళ్ళు పూర్తిగా అయిపోకముందే గ్యాసు అయిపోయేలా కొలిచి పెట్టారు. మంట ఆరిపోతుంది, ఆట అయిపోతుంది.

దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం ప్రమాదం. "పేలితే?" మా ఇంటికి వచ్చిన ప్రతి మగవాడూ అడిగాడు. అడిగి లోపలికి వెళ్ళి ప్రెషర్ కుక్కర్లో వండిన పప్పు తిన్నాడు. కుక్కరంటే ఏంటి? మూతబిగించిన పాత్ర, కింద మంట, లోపల సుమారు పదిహేను పౌండ్ల ఒత్తిడి, పైన బరువు, బరువు పనిచేయకపోతే కరిగిపోయే సేఫ్టీ ప్లగ్గు. నా ఇంజనులో ఒత్తిడి దానికి రెండున్నర రెట్లు ఎక్కువ, నిజమే. కానీ నీళ్ళు ఒక చిన్న గ్లాసుడు. పేలుడు బలం ఒత్తిడి ఒక్కదాన్నిబట్టి ఉండదు, వేడెక్కిన నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నదాన్నిబట్టి కూడా ఉంటుంది. అయిదు లీటర్ల కుక్కరు ముందు, పసిపిల్లను చంకనేసుకుని, రోజుకు రెండుసార్లు నిలబడే మనిషిని 'ఆవిరి జాగ్రత్త' అని ఎవరూ హెచ్చరించరు. మూడు విజిల్స్‌కు దించమంటారు, అంతే.

పైగా నేను ఏటా ఒకసారి బాయిలరును చన్నీళ్ళతో నింపి, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి చూస్తాను. చన్నీళ్ళ పరీక్షలో ఎక్కడైనా బీటలున్నా నీళ్ళు కారతాయి తప్ప పేలదు. ఎన్ని ఇళ్ళల్లో కుక్కరుకు ఈ పరీక్ష చేశారు? చట్టం సంగతి కూడా చెప్తాను. 25 లీటర్లకు తక్కువున్న పాత్ర చట్టం దృష్టిలో బాయిలరే కాదు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది తెచ్చినా ఈ మినహాయింపు పోలేదు. నా ఇంజనూ మీ కుక్కరూ చట్టానికి ఒక్కటే. తేడా ఇంట్లో ఉంది. ఒకటి చాకిరీ, ఒకటి ఆట. చాకిరీలో ప్రమాదం ఎవరికీ కనపడదు. ఆటలో మాత్రమే కనపడుతుంది.

అలాగని చట్టానికి మనమీద దయ ఉందనుకోకండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను చూడండి. తిరుగుతున్న యంత్రాన్ని తుడవడానికి, నూనె వేయడానికి, సరిచేయడానికి స్త్రీనిగానీ చిన్నవయసువాళ్ళనుగానీ అనుమతించరాదని రాసుంది. ఆడమనిషీ పిల్లలూ ఒకే వాక్యంలో! చీరకొంగు పడుతుందన్నారు. కొంగు పడితే యంత్రానికి అడ్డు తెర పెట్టాలి, వేసుకునే బట్టలు మార్చాలి. మనిషినే తీసేస్తే ఎలా? పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతారు, సెక్షను నుంచి బయటపడతారు. ఆడవాళ్ళం ఎన్నేళ్ళొచ్చినా అందులోనే ఉండిపోయాం. ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబరులో. అంటే నా ఉద్యోగ జీవితమంతా, మా అమ్మ జీవితమంతా ఆ వాక్యం బతికే ఉంది.

గనుల కథా అంతే. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది, 1952లో మన గనుల చట్టం 46వ సెక్షను పెట్టింది, స్త్రీలు భూగర్భంలో దిగరాదని. 2019లో గానీ సడలించలేదు. గనిలో దిగడం గొప్ప వరమని నేననడం లేదు. బొగ్గుబాయి ఏంటో బెల్లంపల్లిలో పుట్టినదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కప్పు కూలితే మగవాడి మీద పువ్వులై పడదు. గాలి సరిగా లేకపోతే, కప్పు గట్టిగా లేకపోతే వాటిని బాగుచేయాలి. దానికి బదులు ఆడవాళ్ళను తీసేసి రక్షించామన్నారు. జీతం మాత్రం ఎవరూ రక్షించలేదు.

కాజీపేట నుంచి బల్హార్షా దాకా ఉన్న లైను 1929కల్లా పూర్తయి ఢిల్లీ, మద్రాసులను కలిపింది. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ ఆ లైనుమీదివే. మా బొగ్గు ఆ ఇంజన్లలో మండింది. ఈ దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి 1995లో ఆగిపోయింది. ఆ కాలం గురించి మగవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు చదివితే కళ్ళు చెమరుస్తాయి. ఈల, పొగ, చక్రాల లయ... వాళ్ళ జ్ఞాపకాల్లో బూడిద కుప్పలు లేవు. గంపలతో వంగిన ఆడవాళ్ళు లేరు. వాళ్ళు కిటికీలోంచి ఇంజనునే చూశారు.

మా అమ్మమ్మకు చదువు రాదు. కానీ ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇది పొగవెడ్తది, ఇది నిప్పు నిలుపుతది" అని విడదీసేది. పొయ్యిలో ఏది అడుగున పెట్టాలో, ఏది పైన వేయాలో, గాలి ఎంత విడవాలో ఆమెకు తెలుసు. ఫైర్‌మన్ చేసేది కూడా సరిగ్గా ఇదే. అతనిది ఉద్యోగం అయింది, ఈమెది దొంగతనం అయింది. రైల్వే కాపలావాళ్ళు తరిమితే గంప వదిలేసి పరుగెత్తడం నేను చూశాను. ఆవిరి ఆడవాళ్ళకు తెలియదని ఎవరన్నారు? ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఉడికిన వడ్లను కల్లంలో కాళ్ళతో నేర్పింది ఎవరు? బట్టలు గూనల్లో ఉడకబెట్టింది ఎవరు? మనకు ఆవిరి అంటే కాలిన చెయ్యి. వాళ్ళకు ఆవిరి అంటే ఈల తాడు.

పేర్లు మాత్రం మనవి. 1855లో తయారైన మన దేశపు ప్రసిద్ధ ఇంజను పేరు 'ఫెయిరీ క్వీన్'. 1924లో లండన్ ప్రదర్శనలో, అంత చిన్న ఇంజను బొగ్గుతో నడిచి మనుషులను లాగుతుందా అని వాదన పెట్టుకున్న పెద్దల ముందు లాగి చూపించిన చిన్న ఇంజను పేరు 'ఆయేషా'. దాని పట్టాల వెడల్పు 63.5 మిల్లీమీటర్లు. నాలాంటివాళ్ళు ఈనాడు పెరట్లో ఆవిరి నడుపుతున్నామంటే ఆ పోటీకి కొంత రుణపడి ఉన్నాం. దాన్ని తయారుచేసిన మనిషి ఎల్‌బీఎస్‌సీ అనే కలంపేరుతో దశాబ్దాలపాటు సామాన్యులకు అర్థమయ్యేలా రాశారు, ఇంట్లోనే ఇంజను ఎలా చేసుకోవాలో. పుట్టినప్పుడు పెట్టిన మగపేరు వదిలేసి లిలియన్ లారెన్స్ అనే పేరుతో బతికారు. లిలియన్ ఆడపేరు. ఆ జీవితాన్ని ఏ మాటతో పిలవాలో నేను నిర్ణయించను. కానీ 'ఇది మగవాళ్ళ వ్యవహారం' అని నాతో చెప్పేవాళ్ళకు, వాళ్ళ గురువు పేరు గుర్తుచేస్తుంటాను.

అసలు ఇంజను క్యాబులో అడుగు పెట్టడానికి మనకు ఎంతకాలం పట్టింది? దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవరు సురేఖా యాదవ్ ఆ ఉద్యోగంలో చేరింది 1980ల చివర్లో. అప్పటికి దేశంలో రైలు మొదలై సుమారు 135 ఏళ్ళు. ఆవిరి పోయే రోజుల్లో మనకు తలుపు తెరిచారు. వంటింట్లో గ్యాసు వచ్చాక మగవాళ్ళు టీ పెట్టడం నేర్చుకున్నట్టే అది కూడా.

ఇక మా ఆయన సంగతి. మంచివాడే. పట్టాలు పరిచేటప్పుడు ఇటుకలు అందించాడు. చూడవచ్చినవాళ్ళు ఆయనతో అంటారు, "మీరు గొప్పవారండీ, ఆవిడను ఇలా ఆడుకోనిస్తున్నారు" అని. ముప్పై ఏళ్ళు ఆయన ఆదివారాలు పేకాడితే, 'మీరు గొప్పవారమ్మా, ఆయన్ను ఆడుకోనిస్తున్నారు' అని నాతో ఒక్కరూ అనలేదు. అనుమతి ఇచ్చేవాడొకడు ఉన్నాడని అందరూ అనుకుంటున్నారు. మా ఆయన కూడా అనుకుంటున్నాడు, ఆ పొగడ్తకు నవ్వి ఊరుకుంటాడు కనక. బాయిలరుకు ఏ వెండి టంకం వాడతారో అడగడానికి మా ఊళ్ళోనే వెండి తీగ నగిషీ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "సారు రాలేదా?" అన్నాడు. కానీ కూర్చోబెట్టి నేర్పాడు. వెలిగారం ఎందుకు రాయాలో, టంకాన్ని కాకుండా లోహాన్నే ఎందుకు వేడిచేయాలో. రెండోసారి వెళ్ళినప్పుడు సారును అడగలేదు. మారడానికి ఒక మనిషికి ఎంత సమయం కావాలో దానిబట్టి తెలిసింది. కాబట్టి 'సమాజం ఇంకా సిద్ధంగా లేదు' అనేవాళ్ళను నేను నమ్మను.

ఇప్పుడు మనవాళ్ళ అభ్యంతరానికి వస్తాను. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. 'ఉన్నవాళ్ళ సరదా.' అవును. గ్వాలియర్ రాజావారి భోజనాల బల్లమీద చుట్టలూ మద్యమూ మోసుకుంటూ తిరిగే వెండి రైలు ఉంది. ఈ ఆటకు అలాంటి వంశం కూడా ఉంది. నాకు పెన్షన్ ఉంది, పెరడు ఉంది, రెండు తులాలు ఖర్చుపెట్టగలిగాను. నేను ఇంజను నడిపే ఆ నలభై నిమిషాలు మా ఇంట్లో అంట్లు తోముతున్నది ఇంకొక ఆడమనిషి. ఆమె తల్లి కూడా బొగ్గు ఏరినదే, గోదావరిఖని వైపు.

ఒకరోజు ఆమె చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. నేను ముల్లు వైపు చూస్తున్నాను. ఆమె చూడకుండానే, "అయిందమ్మా, మరిగె సప్పుడు మారింది" అంది. రెండు క్షణాలకు వాల్వు లేచింది. తర్వాత రెగ్యులేటరు ఆమె చేతికిచ్చాను. ఇంజను రెండు చుట్లు తిరిగింది. ఆమె నవ్వలేదు, చాలా శ్రద్ధగా చూసింది. "ఇంకో ఇంట్ల పనున్నది" అని వెళ్ళిపోయింది.

నేను సిగ్గుపడి ఆదివారం పూట జీతంతో సెలవిచ్చాను. ఆమెకూ ఒక గంట దొరకాలని. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ పూట కూడా కూర్చుని బీడీలు చుడుతోందని. వెయ్యి బీడీలకు ఇంతని లెక్క. నేనిచ్చింది తీరిక కాదు, మరో పని చేసుకోవడానికి ఖాళీ. తీరిక నా మంచితనంలోంచి పుట్టదు. ఒక పనితో ఇల్లు గడిచే జీతం ఉంటే పుడుతుంది. 2024 జాతీయ కాల వినియోగ సర్వే చెప్పేది ఇదే: ఇంటిచాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. రెండు వందల నిమిషాల తేడా. ఆ రెండు వందల నిమిషాల్లో నా ఇంజను నాలుగైదుసార్లు తిరిగొస్తుంది.

అయితే దీనికి సమాధానం నేను పట్టాలు పీకేయడమా? ఇక్కడే మిత్రులతో నాకు పేచీ. మనం ఆడవాళ్ళ శ్రమ గురించి రాశాం, హింస గురించి రాశాం, శరీరం గురించి రాశాం. రాయాల్సిందే. కానీ పనికిరాని గంట గురించి రాయలేదు. ఆడమనిషి ఏం చేసినా దానికో ప్రయోజనం చూపించాలి మనకు కూడా. కుట్లు అల్లితే సంపాదన, నడిస్తే ఆరోగ్యం, రాస్తే ఉద్యమం. మా అత్తగారు 'ఊరికే కూర్చున్నావేం' అన్నదానికీ, 'ఏదైనా రాయొచ్చు కదా మేడం' అన్నదానికీ తేడా నాకు కనపడలేదు. మగవాడి పేకాటను ఎవరూ ప్రయోజనం అడగలేదు. పేదస్త్రీకి తీరిక లేదు కాబట్టి ఏ స్త్రీకీ ఉండకూడదంటే, తీరికంతా మగవాళ్ళకే రాసిచ్చినట్టు. ఆమెకు కూలీ పెరగాలి, సెలవు చట్టం కావాలి, బీడీ రేటు పెరగాలి. వాటి కోసం సంతకాలు పెట్టాను, ఊరేగింపుల్లో నడిచాను, ఇంకా నడుస్తాను. ఆ గంట వచ్చిన రోజున ఆమె దాన్ని ఏం చేసుకుంటుందో అడిగే హక్కు మాత్రం నాకు లేదు. మీకూ లేదు.

ఇంకో మాట. యంత్రం మగది, ప్రకృతి మనది అనే కవిత్వం కొంత మనం కూడా రాశాం. దాని ఫలితం ఏంటి? ఇంట్లో ఫ్యూజు పోతే ఎవరి కోసమో ఎదురుచూస్తాం. కారు ఆగితే బానెట్ ఎత్తడానికి ఒక మగవాడు కావాలి. యంత్రాన్ని విప్పి మళ్ళీ బిగించిన చేతులకు ఒక ధైర్యం వస్తుంది. నాకది అరవై దాటాక వచ్చింది. ఏడేళ్ళప్పుడు రావాల్సింది.

మా అమ్మాయికి ఒక కూతురు. ఆరేళ్ళది. సెలవులకు వస్తే తనే నీళ్ళు కొలిచి పోస్తుంది, నూనె వేస్తుంది. అగ్గిపుల్ల మాత్రం ఇప్పటికి నేనే గీస్తాను. మొన్న సంక్రాంతికి నూనె చేతులు గౌనుకు తుడుచుకుంటే మా ఆయన వరండాలోంచి, "మసవుతుందే, గౌను పాడవుతుంది" అన్నాడు. అది ఆయన వైపు చూడలేదు కూడా. ముల్లు కదలడం కోసం చూస్తోంది.

మీ ఇళ్ళల్లో ఆడపిల్లలుంటే తీసుకురండి. మాది కరీంనగర్, ఆదివారం పొద్దున ఏడింటికి బాయిలరు ముట్టిస్తాం. పాత బట్టలు వేసి పంపండి.